అల్లునికి పని చెప్పలేని మేస్త్రి

నా పేరు సదయ్య. మాది జనగామ. బతుకంత పైకప్పుల పనే చేసిన. మిల్లులకు పెంకలు పరిచిన, గోదాములకు రేకులేయించిన, ఆఖరికి స్లాబులు సుత పోయించిన. ఇప్పుడు మోకాళ్ళు మాట ఇంటలేవని అరుగు మీద కూసున్న. మొన్న మా వాడకట్టోళ్ళు ఇద్దరు కొత్తగ మేస్త్రీలైండ్రు. వచ్చి, "పెదబాపు, మందిని ఎట్ల నడపాలె, జర చెప్పు" అన్నరు. చెప్పుడు మొదలువెట్టిన, పొద్దుమూకింది, సగం సుత కాలే. ఇద్దరు మర్యాద మీద కూసున్నరు గని ఒకడు ఆవులింత మింగుకుంట దొరికిండు. అందుకే రాస్తున్న. నిదరొస్తే పక్కకు పెట్టి రేపు చదువుకోవచ్చు.

నేను ఎన్ని కప్పులు వేసిన, ఎవలు మెచ్చుకున్నరు, ఏ ఏడు ఏ పెద్ద పని దొరికింది, అవన్ని వదిలేస్తున్న. అవి నాకే బోరుగొడ్తయి. రేకు బిగించుడు కూడ చెప్ప. అది చేతులున్నోడు ఎవడైనా నెల రోజులల్ల నేరుస్తడు. ఎత్తు మీద పదిమందిని పొద్దంత పనిలవెట్టి, పొద్దుమూకినంక ఆ పదిమందిని నడిసి ఇంటికి పోయేటట్టు చూసుడు, అదే మేస్త్రి పని. దాని గురించే నాకు ఎర్కైంది చెప్త.

ఉస్తాద్ దగ్గర

అరవై తొమ్మిదిల ఉద్యమం జోరు మీదుండె. కాలేజీలు మూతవడ్డయి. నేను చదువుడు బందువెట్టి వరంగల్ల జులూసుల ఎంబడి తిరిగి, గొంతు పోగొట్టుకొని ఇంటికొచ్చిన. మా బాపు నా మొఖం చూసి, "కాలేజీ తెరిసేదాంక ఇంట్ల తిని కూసుంటవా?" అని లతీఫ్ ఉస్తాద్ దగ్గరికి తోల్కపోయి నిలవెట్టిండు. తర్వాత కాలేజీలు తెరిసిండ్రు. నేను మళ్ళ పోలే. మా అవ్వ ఆర్నెల్లు ఏడ్చింది.

పెంకల పనికి జనగామ సుట్టుముట్టు ఉస్తాద్ పేరే పేరు. మనిషి పొట్టి, గొంతు సన్నం. పొద్దుగాల నిచ్చెన మొదట్ల స్టూలేసుకొని కూసునేటోడు. ఎక్కవోయే ప్రతి మనిషి మొఖం చూసేటోడు. "ఏమ్రా, తిన్నవా? ఇంట్ల లడాయి అయిందా?" అని అడిగేటోడు. కడుపు కాలుతున్నోన్ని, పెండ్లంతోని కొట్లాడి వచ్చినోన్ని పైకి పోనియ్యకపోయేది. కిందనే కూసోని పెంకలు తట్టి, పగులున్నవి ఏరమనేటోడు. గీయన మేస్త్రా, దవాఖానల కంపౌండరా అని నేను లోపల్లోపల నవ్వుకునేటోన్ని.

ఒకనాడు నాకు జరం ఉండె. చెప్పకుంట ఎక్కవోయిన. చెయ్యి పట్టి చూసిండు, అట్లనే కిందికి గుంజిండు. "దేవుడు నీకు రెక్కలియ్యలే బేటా, కాళ్ళిచ్చిండు. ఇయ్యాల గవి సుత సక్కగ లెవ్వు" అన్నడు. నాకు కోపమొచ్చింది గని ఆ దినమంత పెంకలు ఏరుకుంట కూసున్న.

ఆయన దగ్గర ఇంకోటి నేర్చిన. పైన ఉన్నోన్ని కిందికెళ్ళి కేకేసి పిలువద్దు. పిలిస్తే వాడు పిలుపు దిక్కు తిరుగుతడు, కాలు ఏడవడ్తదో చూసుకోడు. తిట్టేదుంటే నిచ్చెనెక్కి దగ్గరికి పోయి మెల్లగ తిట్టాలె. ఉస్తాద్ తిట్లు మస్తు మెత్తగ ఉండేటివి. తిన్నోనికి మాత్రం రెండు దినాలు అన్నం సయించకపోయేది.

మేస్త్రిని ఏరుడు

కొన్నేండ్లకు నేను ఒక గుత్తేదారు దగ్గర కుదిరిన. ముఠాలన్నిటి మీద పెద్ద మేస్త్రిని. ఏ ముఠాకు ఎవడు మేస్త్రి అనేది నేనే ఏరాలె. అందరు చేసే తప్పే నేను సుత చేసిన. అందరికంటె బాగ పని చేసేటోన్ని మేస్త్రిని చేసిన.

జనగామల ఒక బియ్యం మిల్లు కప్పు. మనిషి పేరెందుకు గని, పనిల పులి. మేస్త్రిని చేసిన వారానికి పోయి చూస్తే ఏముంది? ఎవడు పానా పట్టినా "గట్ల కాదు, గిట్ల" అని గుంజుకొని తనే బిగిస్తుండు. చెమటలు కారుతున్నయి, అంగి పిండేటట్టున్నది. తక్కినోళ్ళు నీడకు కూసోని బీడీలు తాగుతుండ్రు. ఒకడైతే తువ్వాల మొఖమ్మీదేసుకొని గుర్రువెడ్తుండు. మేస్త్రిగిరి తీసేసిన. ఆయన నారాజైతడేమో అని భయపడుకుంటనే చెప్పిన. "బతికించినవ్ సదయ్యన్నా, వారం సంది నడుం పడిపోయింది" అన్నడు.

అప్పటికెళ్ళి నేను చేతులు చూసుడు బందువెట్టిన, కండ్లు చూడవట్టిన. పని చేసుకుంటనే పక్కోని కాళ్ళ దిక్కు చూసేటోడు ఎవడా అని. మానుకోట గోదాము మీద గసొంటి మనిషి ఒకడు దొరికిండు. ఆయనే ఐలయ్య.

సిమెంటు రేకు గురించి ఒక్క ముక్క చెప్పాలె. చూస్తే గట్టిగ కనవడ్తది. కింద దూలమున్న చోట, బోల్టులు బిగించిన వరుస మీద అడుగేస్తే మోస్తది. రెండు దూలాల నడుమ అడుగేస్తే చెప్పకుంట పలుగుతది, మనిషి సీదా కిందికే. అందుకే మేము చెక్క పలక పరుచుకొని దాని మీద నడిసేటోళ్ళం. ఆ దినం ఒకడు ఆదమరిచి పలక దాటి అడుగేయవోయిండు. ఐలయ్య కేకెయ్యలే. సప్పుడు చేయకుంట ఇంకో పలకను వాని కాలు కిందికి జరిపి, తన పని తను చేసుకున్నడు. వానికి ఏమైందో ఇప్పటికి ఎర్కలేదు. నేను ఆ సాయంత్రమే ఐలయ్యను మేస్త్రిని చేసిన. రెండేండ్లు ఆయన ముఠాల ఒక్కనికి గోరు సుత ఊడలే.

కొత్తల్లుడు

ఎనబై దగ్గరవడ్డ కాలంల ఐలయ్య బిడ్డ సరోజన పెండ్లైంది. అల్లుడు రాజమల్లు, ఎవుసం చేసుకునేటోడు. ఆ ఏడు వానలు మొఖం చాటేసినయి, బావి ఎండింది. పొలం పడావువడ్డది. ఏం చేయాల్నో తోచక రాజమల్లు మామ ముఠాల పనికొచ్చిండు.

మా దిక్కు కొత్తల్లుడంటే చిన్న ముచ్చట కాదు. ఇంటికొస్తే మంచమేసి, కాళ్ళకు నీళ్ళిచ్చి, ముందుగాల ఆయనకు వడ్డించినంకనే ఎవలైనా తినేది. అల్లునికి పని చెప్పుడంటే బిడ్డనిచ్చిన ఇంటిని తక్కువ చేసినట్టే. అది ఇంట్ల మంచిగనే ఉంటది. ఐలయ్య దాన్ని నిచ్చెన మీదికెళ్ళి పైకి తెచ్చిండు.

"అల్లుడు, ఎండ మండుతున్నది, జర నీడకు రాండ్రి."

"అల్లుడు, గది బరువు, మీరు ముట్టకుండ్రి."

"అల్లుడు, చాయ్ సల్లారుతున్నది."

ఎనిమిదిమంది ముఠా నవ్వు ఆపుకోలేక సచ్చేది. తండాకెళ్ళి వచ్చి రేకులందించే ఆడోళ్ళకు కమ్లీ పెద్ద. ఆమె నోటికి మా గుత్తేదారు సుత భయపడేటోడు. నేను కనవడంగనే, "సదయ్యన్నా, రేపటికెళ్ళి అల్లునికి విసనకర్ర పట్టనీకె మా దాంట్ల ఒకామెను పెట్టాల్నా?" అన్నది. నేను నవ్విన. నవ్వుడే, ఇంకేం చేయలే.

రాజమల్లు బోల్టులు వదులుగ బిగించేది. నేర్పినోడు లేడు మరి. అందరు సద్ది తినేటప్పుడు ఐలయ్య ఒక్కడే పైకెక్కి, అల్లుడు బిగించిన బోల్టులన్ని మళ్ళ బిగించేటోడు. తన సద్ది చీమలవాలు. ఒకనాడు నేను చూసిన. "ఏంది ఐలయ్యా గిది?" అంటే, "ఏం లేదు, గాలికి కూసున్న" అన్నడు. చేతిల పానా ఉన్నది.

నేను చేసిన గలతి

మూడు నెల్లు గిట్లనే నడిసింది. ఎండకాలంల గంగారం పనికి పోయినం. అడివి నడుమ పిల్లల హాస్టలు. మిరుగం వానల లోపల కప్పు పడాలె, బడి తెరిస్తే పిల్లలు అందులనే పండుకోవాలె. రేకులు లారీ దిగినంక ఎడ్లబండ్ల మీద తెచ్చినం. అక్కడ పని మెల్లగైంది. మా గుత్తేదారు వచ్చి చూసి, నన్ను పక్కకు పిలిచి, "ఐలయ్యతోని అయితలేదు. వేరే మేస్త్రిని పెట్టు" అన్నడు. "గీ కప్పు అయ్యేదాంక ఆగుండ్రి" అని బతిమిలాడిన.

నాకు కోపం ఎవల మీద రావాలె? నా మీద రావాలె. వచ్చింది రాజమల్లు మీద. సీదా పైకెక్కి అందరి ముంగట ఆయన్ని పట్టుకొని దులిపిన. ఐలయ్య రెండు గజాల దూరంల నిలవడి తల కిందికేసుకున్నడు. నేను దిగి, పెద్ద పని చేసినట్టు మీసం దువ్వుకున్న.

తెల్లారి ఏమైందో చెప్త. "అన్నా, గీ రేకు ఎటు తిప్పాలె?" అని ఒకడు నన్నడిగిండు. "అన్నా, తాడు యాడ కట్టాలె?" అని ఇంకోడు. ఐలయ్య పక్కనే ఉన్నడు, ఆయన్ని అడిగినోడు లేడు. పొద్దుటి పూటంత నేనే ఆగమాగం ఉరికిన. ఆఖరికి ఐలయ్య నా దగ్గరికొచ్చి పానా చేతిల పెట్టిండు. "నువ్వే చేసుకో సదయ్యా. నేను ఉట్టిగ నిలవడుడెందుకు?" అన్నడు.

నాకు ఇజ్జత్ పోయినట్టైంది. మేస్త్రి తిట్టాల్సిన మనిషిని మేస్త్రి నెత్తి మీదికెళ్ళి నేను తిట్టిన. ఆ ఒక్క మాటతోని మూడు నెలల్ల అల్లుడు చేసిన నష్టం కంటె ఎక్కువ చేసిన. తమ్మీ, పెద్ద మేస్త్రివైతే ఇది మాత్రం యాదికుంచుకో. నీ కింది మేస్త్రి పని నువ్వు చేస్తే ఆయన మేస్త్రి కాదు, నువ్వు సుత కావు.

పానా మళ్ళ ఆయన చేతిలనే పెట్టిన. "తప్పు నాదే ఐలయ్యా. గని గీ అల్లుని సంగతి నువ్వే తేల్చాలె. గుత్తేదారు నిన్ను తీసేయమంటుండు" అని ఉన్నదున్నట్టు చెప్పిన. ఐలయ్య తువ్వాలతోని మొఖం తుడుచుకున్నడు. "తిట్టుమంటవు. ఆయన అలిగి నా బిడ్డను పుట్టింటికి తోలేస్తే? నీకు అందరు కొడుకులే సదయ్యా, నీకేం ఎర్క? మేస్త్రిగిరి పోతే పోనీ. నా సరోజన సంసారం సల్లగుండాలె." 

గాలి

రెండు దినాలకు కప్పు పని ఆఖరుకు దగ్గరవడ్డది. రెండు వాలులు కలిసే కొప్పు పక్క వరుసల నాలుగు రేకులు పరిచి ఉన్నయి, బోల్టులు ఇంక పడలే. పొద్దు వాలుతుంటే పడమటి దిక్కు మబ్బు నల్లగైంది. చెట్లన్ని కదలకుంట నిలవడ్డయి. అది మంచి లక్షణం కాదని రేకుల మీద బతికినోళ్ళందరికి ఎర్కే. ఐలయ్య చెయ్యెత్తి దిగుమని సైగ చేసిండు. అందరు పానాలు నడుముకు చెక్కుకొని వరుసగ దిగవట్టిండ్రు.

రాజమల్లు దిగలే. ఆ నాలుగు రేకుల నడుమ కూసోని, "నాలుగే ఉన్నయి మామా, బిగించి వస్త" అన్నడు. నేను నిచ్చెన కాడ ఉన్న. నోటిదాంక వచ్చింది, మింగిన. మొన్న చేసిన గలతి మళ్ళ చేయొద్దు. ఐలయ్య దిక్కు చూసిన. 

"అల్లుడు, రాండ్రి. మబ్బు మంచిగ లేదు" అన్నడు ఐలయ్య.

"ఒక్క నిమిషం మామా."

చెట్ల కొసలు ఊగినయి. అంతే, ఐలయ్య పలక మీద నాలుగు అంగలేసి పోయిండు. అల్లుని అంగి కాలర్ పట్టి లేపిండు. గుండీలు రెండు తెగి రేకుల మీద జారిపోయినయి. "నేను మేస్త్రిని చెప్తున్న, దిగు!" అన్నడు. ఉస్తాద్ తీరుగ మెల్లగ కాదు, గొంతు పలిగేటట్టు. కింద తండా ఆడోళ్ళందరు నోర్లు తెరిచి చూస్తుండ్రు. కాలర్ వదలకుంట నిచ్చెన దాంక గుంజుకొచ్చి, ముందుగాల అల్లున్ని దించి, వెనుక తను దిగిండు.

వాళ్ళ కాళ్ళు నేలకు ఆనినయో లేదో, గాలి కొట్టింది. ఆ నాలుగు రేకులు లేసినయి. మూడు అవుతల చెట్లల్ల పడ్డయి. ఒకటి మా ముంగటనే పడి ముక్కలైంది. కమ్లీ వాళ్ళ భాషల ఏదో మొక్కుకున్నది. 

రాజమల్లు ఆ ముక్కలు చూసిండు, తెగిన గుండీల కాడ చెయ్యి పెట్టుకున్నడు.  గాలి ఎంబడే వచ్చిన వాన ఎలవంగనే సంచి భుజానేసుకొని రోడ్డు దిక్కు నడిసిపోయిండు. ఐలయ్య ఇసుక కుప్ప మీద కూలవడ్డడు. "అయిపోయింది సదయ్యా. నా బిడ్డ బతుకు నా చేతులతోని ఆగం చేసిన" అని ఏడ్చిండు. "పాణం కాపాడినవయ్యా" అని నేనంటే, "కాలర్ పట్టిన, పది మందిల. ఏ అల్లుడు ఊకుంటడు?" అన్నడు.

సరోజన

మూడు దినాలు ఐలయ్య మనిషి కాడు. పని మాత్రం నడిసింది, అది సుత మంచిగనే. ముఠా ఇప్పుడు ఆయన మొఖం చూసే అడుగేస్తున్నది. నాలుగో దినం పగటీలి మాకు రేకులు తెచ్చే బండి వచ్చింది. దాంట్లకెళ్ళి సరోజన దిగింది. వెనుక రాజమల్లు దిగిండు. ఐలయ్య నిచ్చెన సగంల ఉన్నడు, అక్కడనే ఆగిపోయిండు. పైన పానాల సప్పుడు ఆగింది. నేను నడుమల పడి సర్ది చెప్దామని లేసిన.

"నువ్వు కూసో సదయ్య కాకా" అన్నది సరోజన. తండ్రి దిక్కు తిరిగింది. "ఏం నాయినా, మూడు నెల్ల సంది గీయనకు ఏం నేర్పినవే?"

ఐలయ్య దిగి వచ్చి చేతులు కట్టుకొని నిలవడ్డడు. "తప్పైంది బిడ్డా. కాలర్ పట్టుడు..."

"కాలర్ సంగతి ఎవలడిగిండ్రు? ఆ కాలర్ మొదటి దినమే పడ్తే గీపాటికి ఈయనకు పని వచ్చేది కాదా? అందరికి పానా ఇచ్చినవు, ఈయనకు చాయ్ ఇచ్చినవు. ఇంటికొచ్చి మూడు దినాలు అన్నం ముట్టలేదు. అడగంగ అడగంగ నిన్న చెప్పిండు."

రాజమల్లు అప్పటిదాంక నేల చూస్తుండు. తలెత్తకుంటనే మాట్లాడిండు. "నవ్వుతుండ్రని నాకెర్క లేదా మామా? సద్ది కాడ నువ్వు పైకెక్కి నా బోల్టులు మళ్ళ బిగించుడు సుత చూసిన. నేర్పుమని అడుగుదామనుకున్న. అల్లుడు అడుగుడు బాగుండదని ఊకున్న. గా నాలుగు రేకులన్న ఒక్కన్నే బిగించి చూపిస్తే, పనికొస్తడంటవని కూసున్న. పొలం పోయింది, నాకు ఏదన్న ఒక పని రావాలె."

నేను సిగ్గుతోని సచ్చిపోయిన. మందిని ఎట్ల నడపాల్నో పది ముఠాలకు చెప్పుకుంట తిరిగేటోన్ని నేను. గీ పిలగాడు సోమరి అనుకున్న, పొగరు అనుకున్న. ఆయనకు పని రాదని, నేర్చుకోవాలని కోరిక ఉన్నదని ఒక్కనాడు సుత అనుకోలే. తిట్టిన గని నేర్పలే. ఐలయ్య మర్యాద చేసిండు గని నేర్పలే. మేమిద్దరం కలిసి ఆయన్ని రేకుల నడుమ కూసుండవెట్టినం.

 ఐలయ్య నడుముకున్న పానా తీసి అల్లుని చేతిల పెట్టిండు. "పైకెక్కు. నువ్వు బిగించిన రెండు వరుసలున్నయి. గా బోల్టులన్ని విప్పు. మళ్ళ మొదటికెళ్ళి బిగిద్దాం" అన్నడు.

పొద్దుమూకేదాంక ఇద్దరు పక్కపక్కన వంగి కూసున్నరు. "గట్ల గుంజుతే రేకు పలుగుతది. చేతికి తెలవాలె. కాదు. మళ్ళ విప్పు. కాదు, మళ్ళ" అని ఐలయ్య గొంతు ఆగలే. ఒక్కసారి సుత పానా అల్లుని చేతిలకెళ్ళి గుంజుకోలే. కింద సరోజన, కమ్లీ ఇసుక కుప్ప మీద కూసోని సర్వపిండి తినుకుంట ఇంటున్నరు. "గట్టిగ తిట్టు నాయినా, గింత దూరం ఇనవడ్తలేదు" అని సరోజన అరిచింది. పైన ఎనిమిదిమంది పక్కున నవ్విండ్రు.

చీకటైతుంటే దిగినంక ఐలయ్య అల్లుని రెండు చేతులు పట్టుకొని తిప్పి చూసిండు. అరచేతులల్ల బొబ్బలు లేసినయి, ఒకటి పలిగి నెత్తురు కారుతున్నది.  ఐలయ్య తువ్వాల కొస చించి ఆ చేతికి కట్టుకుంట, "రేపు రెండో వరుస" అన్నడు. రాజమల్లు కట్టు కట్టిన చెయ్యి సరోజనకు ఎత్తి చూపిండు, మూడు నెలల్ల మొదటిసారి పండ్లన్ని కనవడేటట్టు నవ్వుకుంట.